ముందుమాట: మరవవలసినవి, మరవకూడనివి

సిరిసిల్లలో ఒక పాత సాంచె (మరమగ్గం) గేరు పన్ను విరిగిందనుకుందాం. ఆ సాంచె ఏ ఊళ్ళో తయారైందో, ఎన్ని చేతులు మారి తన షెడ్డుకు చేరిందో ఆసామికి తెలియదు. గేరు మీద ఒకప్పుడు నంబరు ఉండేదేమో, అదీ అరిగిపోయింది. దాన్ని నూనెగుడ్డలో చుట్టుకుని సామాన్ల దుకాణానికి పోతాడు. అక్కడి పెద్దమనిషి గేరును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తాడు. వెనక అరల్లోకి వెళ్ళి అట్లాంటిదే మరొకటి తెచ్చి బల్లమీద పెడతాడు. పేరు అడగడు, నంబరు అడగడు. రూపం చూసి రూపాన్ని తెస్తాడు. ఇదే పనిని కంప్యూటరు చేత చేయించడం ఎట్లాగో చెప్పే పుస్తకం ఇది.

దీన్ని రాసిన అమ్మాయి సాంచెల ఇంటి బిడ్డ. నాచుపల్లి జె.ఎన్.టి.యు. కళాశాలలో ఇంజనీరింగు చదివే రోజుల్లో మాతృకల లెక్కలు అడగడానికి జగిత్యాలలో మా ఇంటికి వచ్చేది. నేను లెక్కల మాస్టరుగా బతికినవాణ్ణి, కంప్యూటరు నా విద్య కాదు. అందుకే ముందుమాట అడగడానికి వచ్చినప్పుడు "సార్, ఇందులో ప్రోగ్రాములు చాలా ఉన్నయి, మీకు ఇబ్బందేమో" అని కొంత సంకోచించింది. చదివాక తెలిసింది, ప్రోగ్రాములను పక్కన పెడితే ఇది ఆసాంతం జ్యామితి. ఆ జ్యామితిని తెలుగులో, డిగ్రీ చదివే పిల్లలకు అందేటట్టు రాయడం ఎంత కష్టమో పాఠం చెప్పినవాడికి తెలుస్తుంది. అందుకని ఈ నాలుగు మాటలు మొహమాటానికి రాస్తున్నవి కావు.

ముందు చిక్కేమిటో చెప్పాలి. కంప్యూటరులో త్రీడీ వస్తువంటే వేలకొద్దీ చిన్న త్రిభుజాలు అతికిన పెంకు. ఒక్కో త్రిభుజానికి మూడు మూలలు, ఒక్కో మూలకు మూడు అంకెలు. ఆ గేరునే బల్లమీద కాస్త అటు జరిపితే అంకెలు మారతాయి. తలకిందులు చేస్తే మళ్ళీ మారతాయి. అంగుళాల్లో కొలిచినవాడి ఫైలుకూ మిల్లీమీటర్లలో కొలిచినవాడి ఫైలుకూ పొంతనే ఉండదు. వస్తువు మాత్రం అదే. కనుక దాన్ని ఎక్కడ పెట్టారో, ఎటు తిప్పారో, ఏ కొలబద్దతో కొలిచారో మరిచి, రూపాన్ని మాత్రమే గుర్తుపెట్టుకునే అంకెల వరుస ఒకటి కావాలి. ఇంగ్లీషులో షేప్ డిస్క్రిప్టర్ అనే ఈ వరుసను పుస్తకంలో రూపముద్ర అన్నారు. కొట్లో ఉన్న ప్రతి సామానుకూ ముందే రూపముద్ర తీసి పెట్టుకోవాలి. ఎవరైనా ఒక వస్తువు తెస్తే దాని ముద్రకు దగ్గరగా ఉన్న ముద్రలేవో చూసి, ఆ సామాన్లను వరుసగా చూపాలి. చెప్పడానికి ఇంతే. ముద్ర ఎట్లా తీయాలన్న దగ్గరే పాతికేళ్ళకు పైగా ఎందరో తలలు బద్దలు కొట్టుకున్నారు.

ఆ పాతికేళ్ళ పద్ధతులను ఒక్కొక్కటిగా వివరించి వదిలేస్తే ఇది మంచి గైడు అయ్యేది, అంతే. ఈ అమ్మాయి అంతటితో ఆగలేదు. ప్రతి పద్ధతినీ ఒకే ప్రశ్న అడిగింది: నువ్వు దేన్ని మరిచిపోతావు? వస్తువును ఎటు తిప్పారో మరిచిపోవడం మంచిదే. ఎంత పెద్దదో మరిచిపోవడం కొన్నిచోట్ల మంచిది, కొన్నిచోట్ల కొంప ముంచుతుంది. కుడి ఎడమల తేడా మరిచిపోతే ఏమవుతుంది? వంపును మరిచిపోతే? నాకు తెలిసినంతలో ఈ పుస్తకానికి ప్రాణం ఆ ప్రశ్నే, పద్ధతులన్నీ దాని వెంట నడుస్తాయి.

రెండో అధ్యాయం నాకు అన్నిటికంటే నచ్చింది. ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయంలో ఒసాడా, ఫంక్‌హౌజర్, షజెల్, డాబ్‌కిన్ అనే నలుగురు 2002లో ప్రకటించిన పద్ధతి అందులో ఉంది. వస్తువు పైపెంకు మీద ఎక్కడపడితే అక్కడ రెండు చుక్కలు పెట్టు, వాటి మధ్య సూటి దూరం కొలువు, రాసుకో. మళ్ళీ రెండు చుక్కలు, మళ్ళీ దూరం. అట్లా లక్షల జతలు. ఏ దూరం ఎన్నిసార్లు వచ్చిందో గ్రాఫు గీస్తే అదే ఆ వస్తువు రూపముద్ర. దీనికి డి2 అని పేరు. వస్తువును జరిపినా తిప్పినా రెండు చుక్కల మధ్య దూరం మారదు గనుక గ్రాఫూ మారదు. సగటు దూరంతో భాగిస్తే కొలబద్ద గొడవ కూడా పోతుంది. ఇంత చిన్న ఆలోచనతో ఇంత పని జరగడం చూస్తే లెక్కల మనిషికి కడుపు నిండుతుంది.

సన్నటి కడ్డీ మీద ఈ పని చేస్తే దగ్గరి దూరాలు ఎక్కువ వస్తాయి, కడ్డీ పొడవంత దూరం దాదాపు రాదు. గ్రాఫు పైనుంచి కిందికి వాలిన గీత. గోళం తీసుకుంటే కథ తిరగబడుతుంది. గ్రాఫు సున్నా దగ్గర మొదలై వంపు లేకుండా సూటిగా పైకి లేస్తుంది, వ్యాసం దగ్గర ఒక్కసారిగా తెగిపోతుంది. ఎందుకట్లా? గోళం మీద ఒక చుక్క నుంచి సూటిగా ఇంత దూరం లోపల ఉన్న టోపీ వంటి భాగం వైశాల్యం, అదే దూరాన్ని వ్యాసార్ధంగా పెట్టి నేలమీద గీసిన వృత్తం వైశాల్యంతో సరిగ్గా సమానం. టోపీ వంగి ఉన్నా లెక్కలో ఇసుమంత తేడా రాదు. ఆర్కిమిడీస్ నాటి ఫలితం నుంచి వచ్చే సంగతి ఇది. వైశాల్యం దూరపు వర్గంతో పెరుగుతుంది కనుక గ్రాఫు దూరంతో సూటిగా పెరుగుతుంది. రచయిత్రి ఈ నిరూపణను ఒక పేజీలో, ఒక బొమ్మతో చెప్పింది. ఆ పేజీ కోసం ఇంటర్మీడియెట్ పిల్లలు కూడా ఈ పుస్తకం తెరవవచ్చు.

దూరాలతో రూపాన్ని పట్టుకోవడం అనగానే నాకు కల్యంపూడి రాధాకృష్ణారావు గారు గుర్తుకు రావడం సహజం. పుస్తకంలో ఆయన మీద ఒక భాగం ఉండడం చూసి సంతోషపడ్డాను. 1920లో హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరిన సి.ఆర్. రావు గారిని 1946లో కేంబ్రిడ్జికి రప్పించింది ఎముకల పని. సూడానులో జెబెల్ మోయా అనే చోట తవ్వకాల్లో దొరికిన పాత మనుషుల ఎముకల కొలతలను, అప్పటికి గణాంకవేత్త మహలనోబిస్ చూపిన పద్ధతిలో విశ్లేషించడానికి ఆయన అక్కడి పురావస్తు, మానవశాస్త్ర మ్యూజియంలో కూర్చున్నారు. గణాంకవేత్త ఫిషర్ దగ్గర 1948లో డాక్టరేటు అందుకున్నారు. సగం శతాబ్దం తరవాత, 1996లో, డెబ్బై ఆరేళ్ళ వయసులో సూర్యవంశితో కలిసి గుర్తుబిందువుల ఆధారంగా వస్తువుల రూపాన్ని గణాంకంగా పోల్చడం మీద వ్యాసం ప్రకటించారు. 1998లో ఆ బిందువులను త్రిభుజాలుగా కలిపి, మానవజాతికి దగ్గరి జీవుల్లో ఆడ మగ తేడాలను చూసే వ్యాసం వచ్చింది. 2023లో అంతర్జాతీయ గణాంక పురస్కారం అందుకున్న ఏడాదే, నూట రెండేళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు.

రావు గారి పద్ధతికీ ప్రిన్‌స్టన్ వారి పద్ధతికీ మధ్య తేడాను ఈ పుస్తకం చూపిన తీరు గొప్పగా ఉంది. పుర్రె మీద గుర్తుబిందువు అంటే నిపుణుడు పెట్టే చుక్క. ఈ పుర్రెలో కంటిగుంత అంచు, ఆ పుర్రెలోనూ కంటిగుంత అంచే. ఏ చుక్క దేనికి జత అన్నది ముందే తెలుసు. డి2లో చుక్కలకు పేర్లు లేవు, జతలు లేవు, గుంపు మాత్రమే ఉంది. కనుక పుర్రెనూ కుర్చీనీ గేరునూ ఒకే కొలతతో కొలవవచ్చు. అయితే ఏ దూరం ఎక్కడిదో చెప్పే శక్తి పోయింది. నిపుణుడి చుక్క వల్ల వచ్చే లోతు ఒకవైపు, పేరులేని చుక్క వల్ల వచ్చే విశాలత మరోవైపు. ఒకటి కావాలంటే రెండోది కొంత వదులుకోవాలి.

ఆ వదులుకోవడం ఎంత ఖరీదైనదో సిరిసిల్ల ఉదాహరణ చెబుతుంది. సాంచెలో నేసిన బట్టను ముందుకు లాగి చుట్టే గేర్ల వరుస ఒకటి ఉంటుంది. అందులో ఒక చక్రాన్ని అవసరాన్ని బట్టి మారుస్తారు. దాని పళ్ళ లెక్కను బట్టే అంగుళానికి ఎన్ని పేక పోగులు పడాలో తేలుతుంది. ముప్పై ఆరు పళ్ళ చక్రం బదులు ముప్పై ఏడు పళ్ళది వేస్తే బట్ట చిక్కదనమే మారిపోతుంది. ఈ రెండు చక్రాలకూ డి2 గ్రాఫులు పుస్తకంలో పక్కపక్కన అచ్చువేశారు. కళ్ళద్దాలు తుడుచుకుని చూసినా తేడా కనబడదు. మొత్తం రూపాన్ని ఒక్క చూపులో పట్టే ముద్ర ఒక్క పన్నును పట్టుకోదు. యంత్రభాగాల వెదకులాట వేరే విద్య అని గుర్తించి, పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో కార్తీక్ రమణి బృందం 2006లో 867 యంత్రభాగాలతో ప్రత్యేకమైన పరీక్షా సంగ్రహాన్ని తయారుచేసింది. కుర్చీలు, విమానాలు, మనుషుల బొమ్మల మీద బాగా పనిచేసిన పద్ధతి బోల్టులు, బ్రాకెట్ల మీద కూడా బాగా పనిచేస్తుందన్న భరోసా లేదని అట్లాంటి సంగ్రహాల వల్లే తెలిసింది.

కుడి ఎడమల సంగతి ఐదో అధ్యాయంలో వస్తుంది. కోరుట్ల పశువైద్య కళాశాల వంటి చోట మొదటి ఏడాది పిల్లల ముందు తొడ ఎముక పెట్టి అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, ఇది కుడి కాలిదా ఎడమ కాలిదా అని. తలకాయ ఎటు వంగింది, గుబ్బ ఎటు ఉంది అని చూసి పిల్లలు చెప్పేస్తారు. డి2 చెప్పలేదు. ఎముకను అద్దంలో చూపితే ఏ రెండు చుక్కల మధ్య దూరమూ మారదు, అందుకని కుడి ఎముకకూ ఎడమ ఎముకకూ గ్రాఫు ఒక్కటే. ఇది కొలతలో పొరపాటు కాదు, లక్షల జతలకు బదులు కోట్ల జతలు కొలిచినా ఇంతే. సాంచెల్లోనూ కుడిచేతి సాంచె, ఎడమచేతి సాంచె అని ఉంటాయి. నడిపే మనిషి నడుమ నిలబడితే రెండింటి హ్యాండిళ్ళూ చేతికందేటట్టు వాటిని అద్దం బొమ్మల్లా చేస్తారు. ఎడమ సాంచె భాగం అడిగితే కుడి సాంచె భాగం తెచ్చి ఇదీ అదీ ఒకటేనని కంప్యూటరు చెబితే ఆసామి ఆ రోజు కూలి పోగొట్టుకుంటాడు. అందుకే ఈ అధ్యాయాన్ని నేను ఆగి ఆగి చదివాను. ఇంగ్లీషులో ఈ విషయానికి సాధారణంగా ఒక్క వాక్యం కేటాయించి ముందుకు పోతారు. ఈ అమ్మాయి పద్నాలుగు పేజీలు కేటాయించింది. అది సరైన పని.

వస్తువును ఎటు తిప్పారన్నది మరవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, కొలిచే ముందే ప్రతి వస్తువునూ ఒకే వైపుకు తిప్పి నిలబెట్టడం. వస్తువు ఎటు ఎక్కువ సాగి ఉందో ఆ దిక్కును మొదటి అక్షంగా తీసుకుంటారు. పొడవాటి మగ్గపు నాడెకు ఇది చక్కగా కుదురుతుంది. మా జగిత్యాల కోట వంటి దానికి కుదరదు. 18వ శతాబ్దంలో ఐరోపా పద్ధతిలో, నక్షత్రపు ఆకారంలో, చుట్టూ కందకంతో కట్టిన కోట అది. అన్ని కొమ్ములూ సమానంగా ఉన్న నక్షత్రాన్ని ఊహించుకోండి. అది ఏ దిక్కుకూ ఎక్కువ సాగి ఉండదు, కనుక మొదటి అక్షం ఏదో తేలదు. ఒక మూల నాలుగు రాళ్ళు రాలితే చాలు, లెక్కలో అక్షం ఎటో తిరిగిపోతుంది. కోట అదే, ముద్ర మాత్రం వేరు. నేను ఎన్నోసార్లు చుట్టివచ్చిన గోడలు ఒక గణిత సమస్యకు ఇంత చక్కని ఉదాహరణ అవుతాయని ఈ పుస్తకం చదివేదాకా అనుకోలేదు.

రెండో దారి, తిప్పినా మారని కొలతలనే ఎన్నుకోవడం. కజ్దాన్, ఫంక్‌హౌజర్, రుసింకీవిచ్ 2003లో చూపిన పద్ధతి ఇదే. వస్తువు నడుమ నుంచి ఒకదానిలో ఒకటి ఇమిడిన గోళాలను ఊహించి, ఒక్కో గోళం మీద వస్తువు ఎక్కడెక్కడ తగిలిందో చూస్తారు. ఆ తగిలిన తీరును గోళీయ హరాత్మకాలుగా, అంటే గోళం మీది అలలుగా, విడదీస్తారు. ఒక్కో స్థాయిలో ఎంత శక్తి ఉందో అదొక్కటే రాసుకుని, ఆ శక్తి ఏ దిక్కున ఉందో వదిలేస్తారు. దిక్కును వదిలేశారు గనుక తిప్పినా ముద్ర మారదు. ఇందులోనూ ఒక నష్టం ఉంది, దాన్ని పుస్తకం దాచలేదు. లోపలి గోళాన్ని ఒక వైపుకూ బయటి గోళాన్ని మరో వైపుకూ తిప్పినా ఈ ముద్రకు తెలియదు. అంటే వస్తువును పొరలు పొరలుగా మెలిపెట్టినా అదే వస్తువనుకుంటుంది. ఈ ఒక్క సంగతిని వివరించే బొమ్మ కోసం రచయిత్రి ఎంత శ్రమపడిందో చూస్తే తెలుస్తుంది.

తైవాన్ జాతీయ విశ్వవిద్యాలయంలో అదే 2003లో చెన్ బృందం వేరే దిక్కు నుంచి వచ్చింది. రెండు వస్తువులు ఒకే తీరువైతే ఎటు నుంచి చూసినా ఒకే తీరుగా కనబడాలి గదా అన్నది వారి మాట. పన్నెండు ముఖాల ఘనం ఇరవై మూలల్లో కెమెరాలు పెట్టి నీడబొమ్మలు తీస్తారు. ఎదురెదురు మూలల నీడలు ఒకటే గనుక పది చాలు. ఆ నీడలను పోలుస్తారు. 2004లో ప్రిన్‌స్టన్ వారు 1814 నమూనాలతో పరీక్షా సంగ్రహాన్ని విడుదలచేసి పన్నెండు పద్ధతులను పోటీ పెడితే, మొత్తం మీద ముందు నిలిచింది ఈ నీడల పద్ధతే. ఖర్చు ఎక్కువ, పోల్చడానికి సమయం ఎక్కువ, అయినా గెలిచింది. గోళాలూ హరాత్మకాలూ నా మనసుకు దగ్గరివి, గెలుపు మాత్రం నీడలది. ఈ ఫలితాన్ని ఏ గణితాభిమానమూ అడ్డుపెట్టకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పిన రచయిత్రిని మెచ్చుకోవాలి.

విరిగిన వస్తువు మాట వేరు. పన్ను విరిగిన గేరు, సగం మాత్రమే దొరికిన కుండ, వీటికి మొత్తం రూపం లేదు. అప్పుడు ఒక్కో చుక్క చుట్టూ ఉన్న చిన్న పరిసరానికి ముద్ర తీయాలి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ జాన్సన్ 1997 నాటి డాక్టరేటు పనిలో తెచ్చిన స్పిన్ ఇమేజి ఇట్లాంటిదే. చుక్క దగ్గర పెంకుకు లంబంగా ఒక గీత నిలబెట్టి, చుట్టుపక్కల చుక్కలు ఆ గీతకు ఎంత దూరంలో, ఎంత ఎత్తులో ఉన్నాయో లెక్కవేసి చిన్న చిత్రంగా దాస్తారు. ఆ పని జరిగిన రోబోటిక్స్ సంస్థకు 1979లో తొలి డైరెక్టరు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు. మన పిల్లలకు ఈ సంగతి తెలియాలి.

కుండల మాట వచ్చింది గనుక కోటిలింగాల గురించి ఆగకుండా పోలేను. మా జిల్లాలో గోదావరి ఒడ్డున, పెద్దవాగు కలిసే చోట, శాతవాహనుల నాటి ఊరు అది. శిముకుడి నాణేలు, అంతకు ముందటి స్థానిక పాలకుల నాణేలు దొరికిన నేల. నాణెం మీద అక్షరం ఉంటుంది, చరిత్రకారుడు చదువుతాడు. కుండపెంకు మీద అక్షరం ఉండదు. దాని రూపమే దాని సాక్ష్యం. సారె మీద చేసిన కుండకు ఒక వెసులుబాటు ఉంది. అంచు నుంచి అడుగు దాకా పక్కగీత ఒకటి తెలిస్తే, దాన్ని గుండ్రంగా తిప్పితే కుండ మొత్తం వస్తుంది. కనుక చిన్న అంచుపెంకు నుంచి కూడా మూతి ఎంత వెడల్పో, మెడ ఎట్లా వంగిందో తీయవచ్చు, మరో ఊళ్ళో దొరికిన పెంకులతో పోల్చవచ్చు. ఇక్కడ కొలత మరవకూడదు, నీళ్ళ కుండకూ గింజల గాబుకూ పక్కగీత ఒకే తీరుగా ఉండవచ్చు. ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనుకజలాలు ఆ ఒడ్డు దాకా వచ్చాయి. ఉన్న పెంకులను స్కాను చేసి రూపముద్రలు తీసిపెట్టే పని ఎవరైనా తలపెడితే ఈ పుస్తకంలోని ఎనిమిదో అధ్యాయం వారికి చేతిపుస్తకం అవుతుంది.

వంగే వస్తువుల మీది అధ్యాయం నాకు కొంత పలచగా అనిపించింది. నిలబడ్డ ఆవూ పడుకున్న ఆవూ ఒకటేనని చెప్పాలంటే సూటి దూరాలు పనికిరావు, ఒంటి మీద నడిచి పోయే దూరాలు కావాలి, లేదా ఒంటి ప్రకంపనల పౌనఃపున్యాలు కావాలి. డోలు శబ్దం విని దాని ఆకారం చెప్పగలమా అని మార్క్ కాట్స్ 1966లో అడిగాడు. 1992లో గోర్డన్, వెబ్, వోల్‌పర్ట్ ముగ్గురూ కలిసి చెప్పలేమని తేల్చారు, ఒకే శబ్దం పలికే రెండు వేరు ఆకారాలు చూపించి. అయినా ఆచరణలో ఆ శబ్దం చాలావరకు ఆకారాన్ని పట్టిస్తుందని 2006లో రాయ్టర్ బృందం దాన్నే ముద్రగా వాడింది. ఇంత రసవత్తరమైన కథను ఆరు పేజీల్లో ముగించడం అన్యాయం. మలి ముద్రణలో పెంచాలని కోరాను, ఒప్పుకుంది.

చివరి భాగం ఇప్పటి పద్ధతుల గురించి. 2015 తరవాత ముద్రను మనం ఆలోచించి తయారుచేయడం తగ్గింది, వేల నమూనాలు చూపి యంత్రానికే నేర్పించడం పెరిగింది. మోడల్‌నెట్40 అనే సంగ్రహంలో నలభై తరగతుల వస్తువులు, 12,311 నమూనాలు ఉన్నాయి. నేర్చిన ముద్రలు పాత ముద్రలను సులువుగా దాటిపోయాయి. కాదనలేం. అయితే రచయిత్రి ఆ నలభై తరగతుల పేర్లు పూర్తిగా అచ్చువేసి, పాఠకుణ్ణి చదవమన్నది. నేను చదివాను. గిటారు ఉంది, పియానో ఉంది, సోఫా ఉంది, బాత్‌టబ్ ఉంది. డప్పు లేదు, వీణ లేదు, నాడె లేదు, నాగలి లేదు. చూడని వస్తువుకు యంత్రం తాను చూసినవాటిలో దగ్గరిదాని పోలిక అంటగడుతుంది. దేన్ని మరవాలో పాత పద్ధతుల్లో మనం నిర్ణయించేవాళ్ళం, చదివితే కాగితం మీద కనబడేది. నేర్చిన ముద్రలో అది ఎవరు ఏ వస్తువులు పోగేశారన్న దాన్ని బట్టి తేలుతుంది, కాగితం మీద కనబడదు. కాబట్టి మన వస్తువులను మనమే పోగెయ్యాలి. ఈ మాటను ఆమె ఆవేశంగా కాకుండా, ఒక చిన్న ప్రయోగం చేసి, పట్టిక వేసి చెప్పింది. నేను మాత్రం ఆవేశంగానే చెబుతున్నాను. సిరిసిల్లలో పాత సాంచెలు తుక్కు కింద పోతున్నాయి. మగ్గం సామాన్లు ఇళ్ళ అటకల మీద ఉన్నాయి. అవి ఉండగానే స్కాను కావాలి. నాచుపల్లిలోనూ సిరిసిల్ల దగ్గర అగ్రహారంలోనూ ఇంజనీరింగు కళాశాలలున్నాయి. నాలుగో ఏడాది పిల్లలకు ప్రాజెక్టు కోసం ఊరు దాటాల్సిన పని లేదు.

లోపాలు మరికొన్ని ఉన్నాయి. లక్షల ముద్రలున్నప్పుడు ప్రతిదానితో పోల్చకుండా త్వరగా వెదికే ఉపాయాలను పుస్తకం తడమనే లేదు. మూడో అధ్యాయంలో సూత్రాల కింద గుర్తుల వివరణ ఒకచోట చేర్చి ఉంటే బాగుండేది. బొమ్మలు కొన్ని ఇంకా పెద్దగా వేయాలి. ఇవన్నీ దిద్దుకోదగ్గవే. తెలుగులో ఈ విషయం మీద ఇంత నిజాయితీగా, ఇంత లోతుగా రాసిన పుస్తకాన్ని నేను చదవలేదు. చిరంజీవికి నా నిండు ఆశీస్సులు.

చదివే పిల్లలకు ఒక మాట. ఐదో అధ్యాయం చివర ఒక లెక్క ఉంది. పెంకు మీద నాలుగేసి చుక్కలు తీసుకుని, వస్తువు నడిబిందువు నుంచి వాటి దూరాలను బట్టి వరుసపెట్టి, ఆ నాలుగింటితో ఏర్పడే ఘనం పరిమాణాన్ని ప్లస్ మైనస్ గుర్తుతో సహా రాసుకోమంటుంది. ఆ గ్రాఫు కుడి ఎముకకూ ఎడమ ఎముకకూ ఎందుకు వేరవుతుందో, తిప్పినప్పుడు మాత్రం ఎందుకు మారదో నిరూపించమంటుంది. జవాబు వెనక ఇవ్వలేదు. ఇవ్వవద్దని నేనే చెప్పాను. కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చుంటే ఒక సాయంత్రంలో వస్తుంది. అది వచ్చాకే ఆరో అధ్యాయం తెరవండి.

జగిత్యాల